పాస్‌వర్డ్‌లు: మూడే గుర్తుపెట్టుకోండి, మిగతావి మీకూ తెలియక్కర్లేదు

పాస్‌వర్డ్ ఎలా పెట్టాలి అని ఎవర్ని అడిగినా ఒక క్యాపిటల్ లెటర్, ఒక నంబరు, ఒక ఎట్ ద రేట్ పెట్టు అంటారు. సరే అని మన పేరు కొట్టి చివర @123 తగిలిస్తే సైట్ కూడా స్ట్రాంగ్ అని పచ్చగీత చూపిస్తుంది, హమ్మయ్య అనుకుని దాన్నే జీమెయిల్‌కి, ఫేస్‌బుక్‌కి, ఐఆర్‌సీటీసీకి, కరెంటు బిల్లు యాప్‌కి, ఎప్పుడో ఒక్కసారి షర్టు కొన్న ఏదో షాపింగ్ సైట్‌కి కూడా పెట్టేస్తాం. మనల్ని ముంచేది ఆ చివరి పనే, అన్నిటికీ ఒకటే పెట్టడం.

ఎలాగంటే, మీ జీమెయిల్ ముందు ఎవడూ కూర్చుని ఒక్కో పాస్‌వర్డ్ టైప్ చేస్తూ ట్రై చెయ్యడు, కొన్నిసార్లు తప్పు కొట్టేసరికి గూగుల్ ఆపేస్తుంది. వాళ్లు ఆ షర్టు సైట్ లాంటి చిన్నదాన్ని ఎక్కడో కొల్లగొట్టి లక్షల మంది మెయిల్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు ఒక ఫైల్‌గా పట్టుకుపోతారు, ఆ ఫైల్‌ని ఒక ప్రోగ్రామ్‌కి ఇచ్చి ఇవే జీమెయిల్‌లో పనిచేస్తాయా, అమెజాన్‌లో పనిచేస్తాయా, ఇన్‌స్టాలో పనిచేస్తాయా అని వరసగా కొట్టిస్తారు. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి ఇలాగే 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటికొచ్చాయి, వాళ్లు వాటిని మామూలు అక్షరాల్లో ఉన్నవి ఉన్నట్టే దాచుకున్నారు, అందులో ఎక్కువమంది పెట్టుకున్నది 123456. పాస్‌వర్డ్‌లు పగలగొట్టేవాళ్లు ఆ లిస్టుని ఇప్పటికీ వాడతారు. లింక్డిన్‌ది 2012లో పోయింది, కానీ 11 కోట్ల పైచిలుకు అకౌంట్ల వివరాలు పోయాయన్న సంగతి 2016లో గానీ బయటపడలేదు, అంటే మీ పాస్‌వర్డ్ పోయిన సంగతి మీకు నాలుగేళ్ల తర్వాత తెలిసినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి చెయ్యాల్సింది ఏంటంటే ప్రతి అకౌంట్‌కీ వేరే పాస్‌వర్డ్. వంద అకౌంట్లకి వంద గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు, అందుకే మీ బుర్రలో మూడే ఉండాలి: ఫోన్ లాక్, మెయిన్ మెయిల్ పాస్‌వర్డ్, పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే యాప్) తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్. మిగతావన్నీ మెషీన్ తయారుచేస్తుంది, మెషీనే దాస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే ముఖ్యమైనవి అయిపోతాయి, తక్కువవి నెమ్మదిగా చేసుకోవచ్చు.

స్టెప్ 1: ముందు మెయిల్ మీ చేతిలో ఉందో లేదో చూడండి

చాలామంది బ్యాంకు పాస్‌వర్డ్ నుంచి మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది మెయిల్‌తో, ఎందుకంటే ఏ సైట్‌లో అయినా ఫర్గాట్ పాస్‌వర్డ్ నొక్కితే లింక్ వచ్చేది అక్కడికే, మెయిల్ చిక్కినవాడికి తాళాలగుత్తి మొత్తం చిక్కినట్టే.

మన దగ్గర ఇందులో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఎంసెట్ కౌన్సెలింగ్‌కో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారులెండి), స్కాలర్‌షిప్‌కో, గ్రూప్స్ అప్లికేషన్‌కో నెట్ సెంటర్‌కి వెళ్లి "అన్నా, మెయిల్ ఐడీ లేదు, ఒకటి క్రియేట్ చెయ్యవా" అని అడుగుతాం. బయట ఇంకో పదిమంది లైన్‌లో ఉంటారు, పాపం ఆయన కూడా గబగబా చేసి ఇచ్చేస్తాడు, పాస్‌వర్డ్ ఊళ్లో అందరికీ ఒకటే ఫార్ములా, రికవరీ నంబర్ దగ్గర ఒక్కోసారి ఆయన నంబరే. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, కానీ ఆ మెయిల్‌తోనే తర్వాత ఫోన్‌లో లాగిన్ అయ్యారు, దానికే బ్యాంకు స్టేట్‌మెంట్లు వస్తున్నాయి, ఫోటోలన్నీ అందులోనే బ్యాకప్ అవుతున్నాయి, రికవరీ మాత్రం పదేళ్ల కింద నెట్ సెంటర్ వాళ్లు వాడిన సిమ్‌కి పోతుంది. మీ మెయిల్ ఇలా పుట్టిందే అయితే ఈ స్టెప్ అస్సలు దాటేయకండి.

జీమెయిల్ యాప్‌లో పైన మీ ఫోటో నొక్కి గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లండి, సెక్యూరిటీ అనే చోట ఇవి చూడాలి. రికవరీ ఫోన్ ఎవరిది? రికవరీ మెయిల్ ఎవరిది, అది ఇప్పటికీ తెరుచుకుంటుందా? యువర్ డివైజెస్ అనే లిస్టులో మీది కాని ఫోనో కంప్యూటరో ఉందా? ఉంటే అక్కడే సైన్ అవుట్ నొక్కండి, ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్లాల్సిన పనిలేదు. ఆ తర్వాత కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ కూడా ఒకసారి చూడండి. మెయిల్‌లోకి దూరినవాడు మీకొచ్చే మెయిల్స్ కాపీ తనకి వచ్చేలా అక్కడ పెట్టి వెళ్లిపోతాడు, మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫార్వర్డింగ్ అలాగే నడుస్తుంది. ఇది చాలామందికి తెలీదు.

స్టెప్ 2: బుర్రలో ఉంచుకునే పాస్‌వర్డ్ తయారీ

ముందు ఏది పెట్టకూడదో లెక్కతో చూద్దాం. చాలా సైట్లు పాస్‌వర్డ్‌లని గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి దాస్తాయి, దొంగ ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి అది ఆ కోడ్‌తో సరిపోతుందా అని చూడాలి. అలా సైట్ నుంచి దొంగిలించిన ఫైల్ మీద ఎన్నిసార్లు ట్రై చేసినా ఆపేవాడు ఉండడు, పాస్‌వర్డ్‌లు సరిగ్గా దాచని సైట్ అయితే సెకనుకి వంద కోట్లు ట్రై చెయ్యడం మంచి గ్రాఫిక్స్ కార్డుకి పెద్ద పనేం కాదు. ఆ స్పీడ్‌లో మొబైల్ నంబర్ పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నవాళ్లది నాలుగు సెకన్లు, ఎందుకంటే మన నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి మొత్తం కలిపినా 400 కోట్లే. అన్నీ చిన్నక్షరాలతో ఎనిమిది లెటర్ల పాస్‌వర్డ్ మూడున్నర నిమిషాలు. పుట్టినతేదీ అయితే లెక్కే అక్కర్లేదు, వందేళ్లలో ఉన్న రోజులే 36,525.

పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం పెట్టేవాళ్లు కూడా చాలామంది. ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించొచ్చు, డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరుచుకునేది సరిగ్గా ఆ పాస్‌వర్డ్‌తోనే, పేరులో మొదటి నాలుగు క్యాపిటల్ లెటర్లు, పుట్టిన సంవత్సరం. కొన్ని బ్యాంకుల స్టేట్‌మెంట్లు కూడా కాస్త అటూఇటూగా అంతే. దేశంలో ఆధార్ డౌన్‌లోడ్ చేసిన ప్రతి ఒక్కరికీ తెలిసిన ఫార్ములాని మన సీక్రెట్ అనుకుంటే ఎలా? అన్నట్టు ఆ ఆధార్ పీడీఎఫ్‌ని కూడా పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యంగా అందరికీ పంపకండి, పేరు, పుట్టిన సంవత్సరం తెలిసిన ఎవరికైనా అది తెరుచుకుంటుంది.

ఎ బదులు @, ఓ బదులు సున్నా పెట్టడం కూడా పాతబడిపోయింది, పగలగొట్టే ప్రోగ్రామ్‌లలో ఆ మార్పులన్నీ ముందే ఉంటాయి. పాటల పల్లవులు, సామెతలు, సినిమా డైలాగులు, దేవుడి పేర్లు, పిల్లల పేర్లు వద్దు. మీకు నోటికొచ్చింది ఇంకో లక్షమందికి కూడా నోటికొచ్చే ఉంటుంది.

మరి ఏం పెట్టాలి? ఒకదానికొకటి సంబంధం లేని మాటలు ఐదారు, వరసగా. ఇది కొత్తదేం కాదు, 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన డైస్‌వేర్ అని ఒక పద్ధతి పెట్టాడు, పాచికలు ఐదుసార్లు వేస్తే వచ్చిన అంకెలకి 7,776 మాటల లిస్టులో ఒక మాట తగులుతుంది, అలా మాటలు ఏరుకోవాలి. ముఖ్యమైన విషయం ఏంటంటే మాటల్ని మీరు ఎంచుకోకూడదు, పాచికో ఇంకోటో ఎంచాలి, మనిషి ఎంచుకుంటే అమ్మ, ఇల్లు, ప్రేమ, బిర్యానీ ఇవే వస్తాయి.

మనకి లిస్టు కూడా అక్కర్లేదు, ఇంట్లో తెలుగు నిఘంటువు ఉంటే చాలు. జేబులోంచి నలిగిన నోట్లు ఆరు తియ్యండి, నోటు మీద నంబర్‌లో చివరి మూడు అంకెలు పేజీ నంబర్, వాటికి ముందున్న అంకె ఆ పేజీలో ఎన్నో మాట అన్నది, సున్నా వస్తే పదో మాట. ఆ నంబర్ పేజీ పుస్తకంలో లేకపోతే ఆ నోటు పక్కనపెట్టి ఇంకోటి తియ్యండి. నలిగిన నోట్లే ఎందుకంటే ఏటీఎంలో అప్పుడే వచ్చిన కొత్త నోట్లు ఒక్కోసారి వరస నంబర్లతో ఉంటాయి, అన్నీ పక్కపక్క పేజీల్లోనే పడతాయి. వచ్చిన మాట బాగోలేదని, నోరు తిరగట్లేదని మార్చేయకండి, మరీ మీకు స్పెల్లింగే తెలియని సంస్కృతం మాట అయితే తప్ప.

ఉదాహరణకి గొడుగు, తాలూకా, జామకాయ, నిచ్చెన, మొహమాటం వచ్చాయనుకోండి, వీటిని మీరు వాట్సాప్‌లో కొట్టేటట్టే ఇంగ్లీష్ అక్షరాల్లో, మధ్యలో చిన్న గీతతో టైప్ చెయ్యండి. ఇదే పెట్టుకోవద్దు, ఇది ఇక్కడ రాసేశాను కదా. మొహమాటంలో మీరు హెచ్ పెడతారా లేదా, కాయలో రెండు ఎ పెడతారా అన్నది మీ ఇష్టం, రోజూ ఎలా కొడతారో అలాగే కొట్టండి, స్టయిల్‌గా మార్చితే వారానికే మర్చిపోతారు. ఎక్కడైనా క్యాపిటల్, నంబర్ ఉండాల్సిందే అని సైట్ పట్టుబడితే మొదటి అక్షరం క్యాపిటల్ చేసి చివర ఒక అంకె పెట్టేయండి, బలం మాటల్లో ఉంది, ఇది సైట్‌ని ఊరుకోబెట్టడానికే.

బలం ఎంతంటే, ఐదొందల పేజీల నిఘంటువు, పేజీకి పది మాటలు అంటే ఒక్కో మాటకి 5,000 అవకాశాలు. ఇందాకటి సెకనుకి వంద కోట్ల స్పీడ్‌లోనే మొత్తం తిరగెయ్యాలంటే నాలుగు మాటలకి ఒక వారం పడుతుంది, ఐదు మాటలకి దాదాపు వందేళ్లు. ఒక్క మాటకి అంత తేడా. మెయిల్‌కి ఐదు, మాస్టర్ పాస్‌వర్డ్‌కి ఆరు పెట్టుకోండి.

గుర్తుపెట్టుకోవడానికి ఆ మాటలతో ఒక పిచ్చి సీన్ కట్టుకోండి, తాలూకా ఆఫీసు ముందు గొడుగేసుకుని జామకాయలమ్మే ఆయన నిచ్చెనెక్కడానికి మొహమాటపడుతున్నాడు, ఎంత అర్థంలేకుండా ఉంటే అంత బాగా గుర్తుంటుంది. మొదట్లో కాగితం మీద రాసుకోండి, తప్పేం లేదు. ఓ పది రోజులపాటు వేలిముద్రతో తెరవడం ఆపి రోజూ చేత్తో టైప్ చెయ్యండి, మూడో నాలుగో రోజుకి కాగితం చూడక్కర్లేకుండా వస్తుంది. ఆ తర్వాత కాగితాన్ని చింపకండి, బీరువాలో బంగారం పెట్టేచోట పెట్టండి. రష్యాలో కూర్చున్న హ్యాకర్ మీ బీరువా తెరవలేడు. ఫోన్ గ్యాలరీలో ఫోటో, మీకు మీరే పంపుకున్న వాట్సాప్ మెసేజ్, నోట్స్ యాప్, ఇవి మాత్రం వద్దు, ఫోన్ చేతులు మారిన రోజున ముందు చూసేది వాటినే.

స్టెప్ 3: పాస్‌వర్డ్ మేనేజర్

ఇది తాళం వేసిన ఒక డైరీ యాప్. ప్రతి సైట్‌కి ఇరవై అక్షరాల పిచ్చి పాస్‌వర్డ్ తనే తయారుచేస్తుంది, గుర్తుంచుకుంటుంది, లాగిన్ పేజీ రాగానే తనే నింపుతుంది. ఏది వాడాలి అని తెగ ఆలోచించొద్దు, ఆండ్రాయిడ్, క్రోమ్ మాత్రమే వాడేవాళ్లకి గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ఫోన్‌లో ఇప్పటికే ఉంది, అదే చాలు. దానికి తాళం మీ గూగుల్ పాస్‌వర్డే, కాబట్టి గుర్తుంచుకునేవి రెండుకి తగ్గుతాయి, కాకపోతే ఆ రెండూ గట్టివై ఉండాలి. ఐఫోన్ వాళ్లకి 2024 నుంచి పాస్‌వర్డ్స్ అని విడిగా యాపే వచ్చింది. ఫోన్ ఆండ్రాయిడ్, ఆఫీసు లాప్‌టాప్ ఇంకోటి, ఇంట్లో ఐప్యాడ్ అనే కలగాపులగం అయితే బిట్‌వార్డెన్ పెట్టుకోండి, ఫ్రీ ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా ఎన్ని డివైజ్‌లలోనైనా పెట్టుకోవచ్చు. నా డేటా ఎవడి సర్వర్‌లోనూ ఉండకూడదు అనే రకమైతే కీపాస్ ఉంది, ఒక ఫైల్‌గా మీ దగ్గరే ఉంటుంది, కాకపోతే ఆ ఫైల్ బ్యాకప్ బాధ్యత కూడా మీదే.

అన్నీ ఒకేచోట పెడితే అది కూడా హ్యాక్ అయితే? న్యాయమైన అనుమానమే, అయింది కూడా. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి కస్టమర్ల లాకర్ ఫైళ్ల కాపీలు దొంగలు ఎత్తుకుపోయారు. పాస్‌వర్డ్‌లు మాత్రం మాస్టర్ పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఉన్నాయి, కాబట్టి తేలికపాటి మాస్టర్ పెట్టుకున్నవాళ్లకే ఎక్కువ ప్రమాదం. ఆరు మాటలు అని అంత గట్టిగా చెప్పింది ఇందుకే. ఇంకోటి, బిట్‌వార్డెన్ లాంటివాటిలో మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కస్టమర్ కేర్ కూడా ఏం చెయ్యలేదు, అది వాళ్ల దగ్గర ఉండదు. బీరువాలో కాగితం ఉంది కదా, దానికే.

మేనేజర్‌తో ఇంకో లాభం ఉంది, నన్నడిగితే ఇదే పెద్దది. "మీ కేవైసీ ఎక్స్‌పైర్ అయింది, ఈ లింక్‌లో అప్‌డేట్ చెయ్యండి" అని మెసేజ్ వస్తుంది, నొక్కితే అచ్చం బ్యాంకు పేజీలాంటిదే వస్తుంది, లోగో అదే, రంగు అదే, మన కళ్లు మోసపోతాయి. మేనేజర్ రంగు చూడదు, అడ్రస్ చూస్తుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా పాస్‌వర్డ్ నింపదు. ఎప్పుడూ తనంతట తాను నింపేది ఈసారి నింపలేదంటే ఎందుకు నింపలేదా అని ఆగి, పైన అడ్రస్ చదవండి. విసుక్కుని కాపీ పేస్ట్ చేశారో అయిపోయినట్టే. కొన్ని బ్యాంకు సైట్లు అసలు ఆటోఫిల్‌నే ఒప్పుకోవు, పేస్ట్ కూడా చెయ్యనివ్వవు, చేత్తో కొట్టాల్సిందే అంటాయి, అది సెక్యూరిటీ అని వాళ్ల నమ్మకం. అలాంటి చోట బ్యాంకు యాప్ వాడండి, లేదా సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి.

నెట్ సెంటర్‌లో, ఆఫీసులో పక్కవాళ్ల కంప్యూటర్‌లో లాగిన్ అయినప్పుడు సేవ్ పాస్‌వర్డ్ అని వచ్చే చిన్న డబ్బాకి నెవర్ కొట్టండి. ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ఇంకా మంచిది.

స్టెప్ 4: పాతవి మార్చడం, ఒక వరసలో

అన్నీ ఒకేరోజు మార్చాలని కూర్చుంటే పదోదానికి విసుగొచ్చి వదిలేస్తారు. మెయిల్ అయ్యాక బ్యాంకులు, డీమ్యాట్, ఇన్‌కమ్ టాక్స్, పీఎఫ్. తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టా, ఎందుకంటే అవి పోతే మీ పేరుతో మీ చుట్టాలందర్నీ "అర్జెంటుగా పదివేలు పంపు" అని అడుగుతారు. తర్వాత కార్డు సేవ్ చేసి పెట్టిన షాపింగ్, ఫుడ్ యాప్‌లు. మిగతావి ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు మార్చుకుంటూ పోండి.

ఎక్కడ లీకయ్యాయో చూసుకోవడానికి ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013లో పెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్ ఉంది, మీ మెయిల్ ఐడీ కొడితే ఏయే లీకుల్లో దొరికిందో చూపిస్తుంది. క్రోమ్‌లో అయితే మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ మేనేజర్‌కి వెళ్తే చెకప్ అని ఉంటుంది, సేవ్ చేసినవాటిలో లీకైనవి, ఒకటే పాస్‌వర్డ్ నాలుగుచోట్ల పెట్టినవి, మరీ బలహీనమైనవి విడివిడిగా లిస్టు ఇస్తుంది. మొదటిసారి చూస్తే కాస్త గుండె జారుతుంది, ఏం పర్లేదు, పైనుంచి ఒక్కోటీ కొట్టుకుంటూ రండి.

మూడు నెలలకోసారి మార్చాలా? అక్కర్లేదు. లీకైందని తెలిసినా, ఎవరికైనా చెప్పినా, అనుమానం వచ్చినా అప్పుడు మార్చండి, చాలు. ఆఫీసుల్లో 90 రోజులకోసారి మార్చమనే రూల్‌కి అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన సలహాలే చాలావరకు మూలం, ఆ భాగం రాసిన బిల్ బర్ 2017లో అప్పుడు రాసినవాటిలో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నా అని పేపర్ వాళ్లకి చెప్పాడు, అదే ఏడాది నిస్ట్ కూడా ఊరికే టైం ప్రకారం మార్పించొద్దని కొత్త రూల్స్‌లో రాసింది. మార్చమంటే జనం చేసేది తెలిసిందే కదా, చివర 1 ఉన్నది 2 అవుతుంది, 2 ఉన్నది 3 అవుతుంది. మీ ఆఫీసు, మీ బ్యాంకు ఇంకా మార్చమంటుంటే మాత్రం తప్పదు, మేనేజర్‌తో కొత్తది చేయించి సేవ్ చేసుకోండి.

సెక్యూరిటీ క్వశ్చన్స్ అని కొన్నిచోట్ల అడుగుతారు, అమ్మ పుట్టింటి ఇంటిపేరేంటి, మీ సొంతూరేంటి, మొదటి స్కూలేంటి. మన దగ్గర ఇవి ఎవరికి తెలీవు చెప్పండి, శుభలేఖ మీదే సగం ఉంటాయి. నిజం చెప్పాలని రూలేం లేదు, సొంతూరు దగ్గర వంకాయ అని రాసి, ఆ సంగతి మేనేజర్‌లో ఆ అకౌంట్ కిందే నోట్ పెట్టుకోండి.

స్టెప్ 5: రెండో తాళం, దాంతోపాటు మీ సిమ్

పాస్‌వర్డ్ పోయినా లోపలికి రాకుండా ఉండేదే టూ స్టెప్ వెరిఫికేషన్. మెయిల్‌కి, ఫేస్‌బుక్‌కి, ఇన్‌స్టాకి తప్పకుండా ఆన్ చెయ్యండి. ఎస్సెమ్మెస్ ఓటీపీ కంటే అథెంటికేటర్ యాప్ మంచిది, గూగుల్‌దో మైక్రోసాఫ్ట్‌దో ఏదైనా, ముప్పై సెకన్లకోసారి ఆరంకెల కోడ్ మారుతుంటుంది, దానికి సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇండియా నంబర్‌కి ఓటీపీ రాక అర్ధరాత్రి ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, ఆ నంబర్‌కి మెసేజ్ వచ్చిందేమో చూడు" అనేవాళ్లకి దీని విలువ బాగా తెలుస్తుంది. బ్యాంకులు ఎలాగూ ఓటీపీ నంబర్‌కే పంపుతాయి, మిగతావైనా దాన్నుంచి విడిపించుకోండి.

ఆన్ చేసిన వెంటనే బ్యాకప్ కోడ్స్ తీసుకోండి, గూగుల్ అయితే పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఇవి కాగితం మీద రాసి బీరువాలో ఇందాకటి కాగితం పక్కన. ఫోన్ బస్సులో పోయిన రోజున కొత్త ఫోన్‌లో లాగిన్ అవ్వాలంటే ఇవే దిక్కు, ఎందుకంటే అథెంటికేటర్ కూడా ఆ పోయిన ఫోన్‌లోనే ఉంటుంది.

వాట్సాప్‌కి వేరే పని ఉంది. సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టండి, అది పెడితే ఎవరైనా మిమ్మల్ని మాటల్లో పెట్టి ఓటీపీ లాగేసినా వేరే ఫోన్‌లో మీ వాట్సాప్ అంత తేలిగ్గా తెరవలేరు. లింక్డ్ డివైజెస్ కూడా చూడండి. ఎవరైనా ఫోన్ చేసి కొరియర్ అనో, నెట్‌వర్క్ అనో చెప్పి స్టార్‌తో మొదలయ్యే కోడ్ ఏదైనా డయల్ చెయ్యమంటే చెయ్యకండి, అది మీ కాల్స్‌ని వాళ్లకి మళ్లించే కోడ్ కావచ్చు, కాల్‌లో చెప్పే ఓటీపీలు వాళ్లు వింటారు. పొరపాటున చేసి ఉంటే ##002# డయల్ చేస్తే చాలా నెట్‌వర్క్‌లలో మళ్లింపులు పోతాయి.

సిమ్ గురించి ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి. ఆఫర్ బాగుందని కొత్త సిమ్ తీసుకుని పాతది రీచార్జ్ చెయ్యకుండా వదిలేస్తాం. డిస్‌కనెక్ట్ అయిన నంబర్‌ని 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు, మీ జీమెయిల్, ఫేస్‌బుక్, బ్యాంకు ఇంకా ఆ నంబర్‌కే ఓటీపీ పంపుతుంటే ఆ ఓటీపీ ఎవరి ఫోన్లో మోగుతుంది? నంబర్ వదిలేముందు అన్నిచోట్లా మార్చండి, పూర్తయ్యాకే వదలండి. ఉన్నట్టుండి మీ ఫోన్‌లో సిగ్నల్ పోయి గంటల తరబడి రాకపోతే టవర్ ప్రాబ్లం అనుకుని ఊరుకోకండి, వేరే ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కి చేసి మీ సిమ్ ఎవరైనా డూప్లికేట్ తీశారా అని అడగండి.

పాస్‌కీ అని ఈమధ్య సైట్లు అడుగుతున్నాయి, పెట్టుకోవచ్చు, మంచిదే. అందులో పాస్‌వర్డే ఉండదు, మీ ఫోన్ లాక్‌తో లాగిన్ అవుతారు, దొంగ సైట్‌లో పనిచెయ్యదు. కాకపోతే అప్పుడు ఫోన్ లాకే సర్వస్వం, 1234 గానీ అందరి ముందూ గీసే ఎల్ ప్యాటర్న్ గానీ అయితే ముందు దాన్ని ఆరంకెల పిన్‌కి మార్చండి.

పిన్‌ల సంగతి

ఏటీఎం పిన్, యూపీఐ పిన్ నాలుగో ఆరో అంకెలే కాబట్టి పైన చెప్పిన మాటల పద్ధతి కుదరదు. అక్కడ కాపాడేది రెండు మూడు తప్పులకే బ్లాక్ అవ్వడం, అందుకే మొదటి మూడు ఊహల్లో దొరికేది మాత్రం పెట్టకూడదు, అంటే పుట్టిన సంవత్సరం, బండి నంబర్, 1234. ఫోన్ కాంటాక్ట్స్‌లో ఏటీఎం అన్నయ్య అని పేరు పెట్టి నంబర్ చివర పిన్ దాచడం చాలా ఇళ్లలో ఉంది, ఫోన్, కార్డు ఒకే పర్సులో పోతే అది దొంగకి రాసిచ్చినట్టే. ఏటీఎం పిన్, యూపీఐ పిన్, ఫోన్ లాక్ మూడూ ఒకటే పెట్టకండి. యూపీఐలో ఎవరైనా మీకు డబ్బు పంపితే పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, డబ్బు రావడానికని పిన్ అడిగారంటే మీ దగ్గర్నుంచి పోతున్నట్టు.

ఇప్పటికే ఎవరో దూరారు అనిపిస్తే

డబ్బు పోయి ఉంటే ముందు 1930కి ఫోన్, ఎంత త్వరగా చేస్తే అవతలి అకౌంట్‌లో డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది, బ్యాంకుకి కూడా చెప్పండి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ కూడా పెట్టొచ్చు. ఆ తర్వాత అనుమానం లేని వేరే ఫోన్ నుంచి, ఈ వరసలోనే: మెయిల్ పాస్‌వర్డ్, అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్, రికవరీ నంబర్, ఫార్వర్డింగ్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. మీ ఫోన్‌లో స్క్రీన్ షేర్ యాప్‌లు, వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతో వచ్చిన ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) లాంటివి ఉంటే ఆ ఫోన్‌లో ఎన్ని పాస్‌వర్డ్‌లు మార్చినా లాభం లేదు, అది కొత్తది కూడా చూస్తూనే ఉంటుంది, ఆ ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే అందులో మళ్లీ లాగిన్ అవ్వండి.

ఇంట్లోవాళ్లకి

అమ్మానాన్నల ఫోన్ మీరే చూస్తుంటే వాళ్ల పాస్‌వర్డ్‌లన్నీ మీ మేనేజర్‌లో మీ వాటితో కలపకండి, వాళ్ల పేరున వేరే అకౌంట్ పెట్టండి. వాళ్లకి యాప్ కష్టమనిపిస్తే బలవంతం చెయ్యొద్దు, ఒక నోట్‌బుక్ కొనిచ్చి పూజగది అల్మారాలో పెట్టించండి, ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా పెట్టడంకన్నా వేరువేరువి పుస్తకంలో రాసుకోవడం వందరెట్లు నయం. పిన్‌లు మాత్రం అందులో వద్దు.

మీకేదైనా అయితే ఇంట్లోవాళ్లకి ఎలా అన్నది కూడా ఇప్పుడే చూసెయ్యండి, ఎల్ఐసీ ఎక్కడుందో తెలీక, డీమ్యాట్ మెయిల్ తెరుచుకోక తిరిగే కుటుంబాలు చాలా ఉన్నాయి. బీరువాలో ఆ కాగితం ఉందని ఒక్కరికి, భార్యకో భర్తకో, చెప్పి ఉంచండి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది, మూడు నుంచి పద్దెనిమిది నెలల మధ్య మీరు ఎంచుకున్నంత కాలం అకౌంట్ వాడకపోతే మీరు చెప్పిన మనిషికి మెయిల్ పంపి మీరు ఒప్పుకున్న డేటా ఇస్తుంది. పెట్టేటప్పుడు ఆ మనిషి ఫోన్ నంబర్ కూడా అడుగుతుంది, వెరిఫై చేసేది దాంతోనే, కాబట్టి వాళ్లు సిమ్ మార్చినప్పుడు ఇక్కడ కూడా మార్చాలి.